తొమ్మిదికి ఏడు

గుంతకల్లు లోకోషెడ్డులో మా నాయన ఫిట్టరుగా పనిచేసిన రోజుల్లో ఆయన చేతిమీదుగా నడిచిన వైపీ రకం ఆవిరి ఇంజన్ సిలిండర్ లోపలి వ్యాసం 15.25 అంగుళాలు, స్ట్రోక్, అంటే లోపల పిస్టన్ కదిలే దూరం, 24 అంగుళాలు. నేను 1986లో ఆయన కళ్లముందు తయారుచేసిన ఇత్తడి ఇంజన్ సిలిండర్ వ్యాసం 12 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 20 మిల్లీమీటర్లు. మొదటిది మీటర్ గేజ్ పట్టాల మీద ప్యాసింజర్ బండిని లాక్కుంటూ బళ్లారి మీదుగా హుబ్లీ దారి పట్టేది. రెండోది మా క్వార్టర్సు వసారాలో ఒక స్టూలు మీద తిరిగింది. ఆ రెండింటికీ ఒకే పరీక్ష పెట్టవచ్చునని నాయన చూపించిన సాయంత్రం గురించి రాయాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. అది రాయాలంటే ఆ చిన్న ఇంజన్‌లో ఒక్కో భాగం ఎట్లా తయారైందో కూడా చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే నాయన మాటలన్నీ నాకు ఆ భాగాలను పట్టుకునే గుర్తున్నాయి.

గుంతకల్లులో పుట్టి పెరిగినవారికి రైలు గురించి వేరే చెప్పనక్కర్లేదు. గుత్తి, రాయచూరు, బళ్లారి, డోన్, అనంతపురం వైపుల నుంచి వచ్చే పట్టాలన్నీ అక్కడే కలుస్తాయి. 1956లో ఆ ఊరు డివిజన్ కేంద్రమైంది. 1977 దాకా అది దక్షిణ రైల్వేలో ఉండి, తర్వాత దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. నాయన మాత్రం అదే షెడ్డులో, అదే వైస్ ముందు నిలబడి రెండు రైల్వేల జీతమూ తీసుకున్నాడు. మా అమ్మ ఆరేసిన తెల్లబట్టల మీద బొగ్గు నుసి పడని రోజు ఉండేది కాదు. కసాపురం ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చి మా ఇంట్లో రాత్రి పడుకున్న చుట్టాలు షంటింగ్ చప్పుడుకు నిద్రపట్టలేదని తెల్లవారి చెప్పుకుంటుంటే, మాకు ఆ చప్పుడు లేకపోతేనే మెలకువ వచ్చేది.

నాయన ఇంటికి వచ్చాక కూడా ఆయన చెవులు షెడ్డులోనే ఉండేవి. అన్నం తింటూ చేయి ఆపి, బయలుదేరుతున్న బండిని వినేవాడు. రెండు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ పిస్టన్‌కు రెండు వైపుల నుంచీ ఆవిరి తీసుకుంటుంది కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పొగగొట్టంలో నాలుగు దెబ్బలు వినబడాలి, ఆ నాలుగూ ఒకే ఎడంతో, ఒకే బలంతో రావాలి. మూడు గట్టిగా వచ్చి నాలుగోది నీరసంగా వస్తే, "వాల్వు సెట్టింగు చూడాల దానికి" అనుకుని మళ్లీ ముద్ద కలుపుకునేవాడు. చిన్నప్పుడు నేనూ వేళ్లు మడిచి లెక్కపెట్టేవాణ్ని. బండి వేగం అందుకున్నాక ఆ దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నా లెక్క తప్పేది, ఆయన లెక్క తప్పేది కాదు.

నేను ఐటీఐలో టర్నర్ ట్రేడు ముగించుకుని పాత గుంతకల్లులో ఒక లేత్ అంగడిలో, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం ఉన్న అంగడిలో, పనికి కుదిరాను. బటాలాలో తయారైన 6 అడుగుల లేత్ అక్కడ ఉండేది. మెట్ల పుల్లీ మీద తోలు బెల్టు చేత్తో మార్చి వేగం తగ్గించుకోవాలి, పెంచుకోవాలి. వేరుశెనగ నూనె మిల్లుల షాఫ్టులు, బోరు మోటార్ల స్లీవులు, ట్రాక్టర్ ట్రాలీల బుష్షులు, ఇవే మా రోజువారీ పని. అంగడి యజమానిని ఊరంతా మేస్త్రీ అనే పిలిచేవారు. మంచి మనిషి. సాయంత్రం ఆరు దాటాక లేత్ నా సొంత పనికి వాడుకోవడానికి ఒప్పుకున్నాడు, టూల్ బిట్ విరిగితే కొత్తది కొనిపెట్టాలన్న ఒక్క షరతు మీద.

చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయింది. మా షెడ్డులో డీజిల్ మాట పెరిగేకొద్దీ ఆవిరి మాట తగ్గుతూ వచ్చింది. బెంగళూరు వైపు లైను అప్పటికే బ్రాడ్ గేజ్ అయింది. ఒక రాత్రి నాయన మంచం మీద పడుకుని, ఎవరితోనూ కాకుండా, "ఇంగ కొన్నాళ్లకు చూపీడానికి గూడా ఒగటి మిగలదు" అన్నాడు. ఆ మాట నా మనసులో పడిపోయింది. ఆయనకు చూపించగలిగినది ఒకటి చేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నేను ఎంచుకున్నది ఊగే సిలిండర్ ఇంజన్. ఆవిరి ఇంజన్లలో ఇంతకన్నా తక్కువ భాగాలతో పనిచేసేది మరొకటి నాకు తెలియదు. పెద్ద ఇంజన్‌లో ఆవిరిని లోపలికి పంపి, బయటికి వదలడానికి విడిగా వాల్వు ఉంటుంది, దాన్ని కదిలించడానికి బయట కడ్డీల సంసారమంతా ఉంటుంది. ఊగే ఇంజన్‌లో అవేవీ లేవు. పిస్టన్ కడ్డీ నేరుగా క్రాంక్ పిన్నును, అంటే తిరిగే బిళ్ళ మీద మధ్యకు ఎడంగా ఉన్న మేకును, పట్టుకుంటుంది. క్రాంకు తిరిగేటప్పుడు కడ్డీ అటూ ఇటూ ఒరుగుతుంది కాబట్టి సిలిండర్ కూడా ఒక ఇరుసు మీద దానితోపాటు ఊగుతుంది. సిలిండర్ పక్కన ఒక రంధ్రం, అది ఆనుకుని ఊగే పలకలో రెండు రంధ్రాలు. ఒకవైపు ఊగినప్పుడు సిలిండర్ రంధ్రం ఆవిరి వచ్చే రంధ్రానికి ఎదురవుతుంది, రెండోవైపు ఊగినప్పుడు ఆవిరి పోయే రంధ్రానికి ఎదురవుతుంది. సిలిండరే తనకు తాను వాల్వు.

సిలిండర్‌కు పాత సామాన్ల అంగడిలో నలుచదరపు ఇత్తడి దిమ్మ ఒకటి దొరికింది. దాన్ని నాలుగు జాల చక్‌లో, అంటే లేత్ మీద పనిముక్కను పట్టి తిప్పే నాలుగు దవడల బిగింపులో, పెట్టి, డయల్ గేజ్ ముల్లు కదలకుండా నిలిచేదాకా ఒక్కో జా వదులుచేస్తూ, బిగిస్తూ మధ్యకు తెచ్చాను. మొదటి దిమ్మ పాడైంది. ఇనుముకు సానపెట్టిన డ్రిల్లు ఇత్తడిలో దిగితే అది తొలవదు, మర మేకులాగా తనను తాను లోపలికి లాక్కుంటుంది. ఒక్కసారిగా పట్టేసి దిమ్మను చక్‌లోంచి ఊడబెరికింది. మేస్త్రీ వచ్చి, డ్రిల్లు రెండు అంచుల మీదా నూనె రాయితో సన్నటి చదును పెట్టించాడు. అంచు మొండిగా కనబడుతుంది, కాని ఇత్తడికి అదే కావాలి. ఆ తర్వాత ఇత్తడి గోధుమరవ్వలాగా రాలుతూ వచ్చింది. లేత్ పనిలో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే. ఇనుము చుట్టలు చుట్టలుగా లేచి చేతిని కోస్తుంది, ఇత్తడి మాత్రం పసుపురంగు జల్లులాగా రాలి, చొక్కా జేబులో, చెప్పుల్లో, ఇంటికి వెళ్లి చూసుకుంటే కనుబొమల్లో కూడా కనబడుతుంది.

11.5 దాకా డ్రిల్లు, బోరింగ్ టూల్‌తో 11.9 దాకా, చివరికి రంధ్రాన్ని సరైన కొలతకు నునుపుచేసే 12 మిల్లీమీటర్ల రీమర్. రీమర్‌ను నెమ్మదిగా తిప్పాలి, లోపలికి పంపేటప్పుడూ బయటికి తీసేటప్పుడూ ఒకే దిక్కుకు తిప్పాలి. వెనక్కి తిప్పితే అంచులు దెబ్బతిని, తొలిచిన గోడ మీద గీతలు పడతాయి. వెలుగుకు ఎదురుగా పెట్టి చూసినప్పుడు లోపలంతా ఒకే మెరుపుగా, ఒక్క వలయం కూడా కనబడకుండా ఉంది. ఆ రాత్రి ఆ దిమ్మను తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

పిస్టన్ దగ్గర నాయన మొదటిసారి కలుగజేసుకున్నాడు. నేను అదీ ఇత్తడితోనే చేయబోతుంటే వద్దన్నాడు. ఇత్తడి మీద ఇత్తడి రాసుకుంటే ఒకదాన్నొకటి పీకుకుంటాయని చెప్పి, పోత ఇనుము తెచ్చుకోమన్నాడు. పగిలిపోయిన పాత పంపు ఒకటి అంగడి వెనుక పడి ఉంటే దాని కాలు ముక్క కోసుకుని తెచ్చాను. పోత ఇనుము టర్నింగ్ చేస్తుంటే నల్లటి పొడి లేస్తుంది. అందులోని గ్రాఫైటు వల్ల ఆ లోహానికి పుట్టుకతోనే కొంత నునుపు ఉంటుంది. మైక్రోమీటరులో 12.02 వచ్చాక టూల్ పక్కన పెట్టి, ఆపైన కొద్దికొద్దిగా సన్న ఎమరీ కాగితం నూనెతో పట్టిస్తూ దింపాను. సిలిండర్‌లో గ్రైండింగ్ పేస్టు వేసి పిస్టన్‌ను ఆడిస్తే త్వరగా కుదురుతుందని నాకు తోచింది. నాయన దానికీ ఒప్పుకోలేదు.

"ఇత్తడి మెత్తన గదరా. రాతిపొడి దాంట్లోనే నాటుకుంటుంది. ఆమైన నువ్వు ఎంత కడిగినా పోదు, నీ పిస్టన్‌ను దినమూ కోస్తానే ఉంటుంది."

అందుకని పాలిష్ అంతా పిస్టన్ పైనే పట్టి, ప్రతిసారీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, సిలిండర్‌లో వేసి చూసేవాణ్ని. అట్లా ఎన్నిసార్లు వేసి తీశానో లెక్క లేదు. చివరికి ఒక క్షణం వచ్చింది, దాన్ని దగ్గరగా చూపించాలని ఉంది. సిలిండర్‌ను నిలువుగా పట్టుకుని, ఒక్క చుక్క నూనె రాసిన పిస్టన్‌ను పైనుంచి వదిలాను. కింద రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఉంచాను. పిస్టన్ సగం దాకా దిగి, కింద చిక్కుకున్న గాలి మీద కూర్చున్నట్లు ఆగిపోయింది. బొటనవేలు కొద్దిగా సడలించాను. చర్మానికి చీమ ఊదినంత గాలి తగిలింది, పిస్టన్ తన బరువుతో తానే మెల్లగా, ఎక్కడా తడబడకుండా అడుగుకు చేరింది. మళ్లీ పైకి లాగి, రంధ్రం మూసి, వదిలాను. మళ్లీ ఆగింది. వేలు తీయకుండానే పిస్టన్‌ను పూర్తిగా బయటికి లాగితే సీసా మూత తీసినట్లు 'టప్'మన్నది. నాయన నా చేతిలోంచి తీసుకుని తానూ నాలుగైదుసార్లు అట్లాగే లాగి, వదిలి, ఏమీ అనకుండా తిరిగిచ్చాడు. ఆయన ఏమీ అనకపోతే పని బాగున్నట్లని షెడ్డులో అందరికీ తెలుసు.

ఫ్లైవీలు, క్రాంకు బిళ్ళ, బేరింగు బుష్షులు పెద్దగా కష్టపెట్టలేదు, అవి మా అంగడిలో దినమూ చేసే పనికి చిన్న రూపాలే. కడ్డీకి 4 మిల్లీమీటర్ల మరలు డైతో వేశాను. సిలిండర్ పక్క ముఖాన్ని కిటికీ అద్దం ముక్క మీద ఎమరీ కాగితం పరచి, ఎనిమిది అంకె వేస్తున్నట్లు తిప్పుతూ చదును చేశాను. ఇరుసు మేకుకు మరల రంధ్రం వేసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాను, ఎందుకంటే ఆ రంధ్రం సిలిండర్ గోడలోనే ఆగాలి, గోడ దాటి లోపలికి పొడుచుకుపోతే అంతకుముందు చేసిన పనంతా వృథా. ఇరుసు వెనుక పెట్టడానికి బాల్ పెన్ను స్ప్రింగు సరిపోయింది. అది సిలిండర్‌ను పలకకు అదిమిపెడుతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే సిలిండర్ ఆ స్ప్రింగును తోసుకుని కొద్దిగా లేచి ఆవిరిని వదిలేస్తుంది కాబట్టి కొంత రక్షణ కూడా.

ఇక పలక. ఈ ఇంజన్ ప్రాణమంతా ఆ పలకలోని రెండు రంధ్రాల్లో ఉంది. క్రాంకు మధ్య నుంచి ఇరుసుకు 60 మిల్లీమీటర్లు, క్రాంకు పిన్ను ఎడం 10. ఇరుసు నుంచి సిలిండర్ రంధ్రం 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. కడ్డీ పూర్తిగా ఒరిగినప్పుడు ఏర్పడే త్రిభుజంలో 60కి 10 ఎంతో 20కి అంతే నిష్పత్తి, అంటే 3.33. మధ్యగీతకు అటు 3.33, ఇటు 3.33 మిల్లీమీటర్ల ఎడంలో పలక రంధ్రాలు రావాలి. పిస్టన్ పైకొసన గాని కిందికొసన గాని ఉన్నప్పుడు, అంటే డెడ్ సెంటర్లో, సిలిండర్ రంధ్రం సరిగ్గా మధ్యగీత మీద ఉండి రెండింటినీ తాకకూడదు. అందుకని రంధ్రాలన్నీ 3 మిల్లీమీటర్లుగా గీసుకున్నాను. మా అంగడిలో సన్న డ్రిల్లులన్నీ అంగుళాల లెక్కవే. 3కు దగ్గరిది ఎనిమిదో వంతు అంగుళం, 3.17 మిల్లీమీటర్లు. అది పెట్టినా ఇబ్బంది లేదు. డబ్బాలోంచి తీసి సిలిండర్‌కు ఒకటి, పలకకు రెండు రంధ్రాలు వేశాను.

అంతా బిగించి సైకిలు పంపుతో గాలి కొట్టాను. ఫ్లైవీలును వేలితో తిప్పితే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ ఆగింది. గాలి ఎక్కడినుంచో 'సుయ్'మని పోతోంది. స్ప్రింగు ఒక చుట్టు బిగించాను. పలకను మళ్లీ అద్దం మీద రుద్దాను. పిస్టన్ బయటికి తీసి బొటనవేలి పరీక్ష మళ్లీ చేశాను, అక్కడ ఏ లోపమూ లేదు. రెండు రోజులు ఇదే పని. ఎక్కడ రుద్దాలో తెలియక, రుద్దవలసిన అవసరం లేని చోటల్లా రుద్దాను. మూడో రోజు దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి వసారాలో స్టూలు మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

నాయన డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, అప్పుడు నా పక్కన పీట వేసుకున్నాడు. విషయమంతా విన్నాడు. సైకిలు పంపును తీసి పక్కన పెట్టించాడు.

"మా తావ వాల్వు బ్లో అవుతా ఉందా, పిస్టన్ బ్లో అవుతా ఉందా అని ఎట్ల చూస్తారో నీకు చెప్పిన్నా?"

బ్లో అవడమంటే ఆవిరి కారిపోవడం. చెప్పలేదన్నాను. వైపీ ఇంజన్‌లో అయితే ఆ పక్క క్రాంకు నిట్టనిలువుగా వచ్చేలా ఇంజన్‌ను నిలిపి, బ్రేకులు బిగించి, ముందుకా వెనక్కా అన్న దిక్కు మార్చే రివర్సర్‌ను నడిమధ్యకు తెచ్చి, ఆవిరిని వదిలే రెగ్యులేటర్ ఒక్క రవ్వ తెరుస్తారట. ఆ స్థితిలో వాల్వు సిలిండర్‌కు పోయే రెండు దారులనూ మూసి ఉండాలి. అయినా పొగగొట్టంలో ఆవిరి లేస్తే అది వాల్వు దోషమే, పిస్టన్ జోలికి పోనక్కర్లేదు. చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడితో నడిచే బాయిలర్ ముందు నిలబడి మనుషులు దినమూ చేసే పరీక్ష ఇది. దారులు మూసుకునే చోట ఇంజన్‌ను నిలపడం, తర్వాత ఆవిరి ఏ దారిన పోతోందో చూడడం, ఇంతే.

"దీంట్లో దారులు మూసుకునేది యాడ?"

"డెడ్ సెంటర్లో, నాయనా."

"అట్లయితే ఆడ నిలుపు."

నేను ఫ్లైవీలును కదలకుండా పట్టుకున్నాను. నాయన వంగి, ఆవిరి లోపలికి పోయే రాగి గొట్టాన్ని పంచె కొంగుతో తుడిచి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. బయటికి పోయే గొట్టం దగ్గర నా వేలు ఉంచమని కళ్లతోనే చెప్పాడు. వేలికి గాలి తగిలింది. కొసన ఉంటే అసలు తగలకూడని గాలి చల్లగా, ధారాళంగా తగిలింది. ఆవిరి లోపలికి వచ్చే రంధ్రం నుంచి సిలిండర్ రంధ్రం మీదుగా నేరుగా బయటి రంధ్రానికి దారి దొరికింది. పిస్టన్‌ను తోయవలసిన పని దానికి లేనే లేదు.

ఆ రాత్రే సైకిలు వేసుకుని అంగడికి పోయి వాడిన డ్రిల్లు తెచ్చాను. షాంకు, అంటే దాని కాడ, మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. మైక్రోమీటరు పెడితే 3.57. అది ఎనిమిదో వంతు కాదు, 64లో 9 వంతులు. డబ్బాలో పక్కపక్క గదుల్లో ఉండే డ్రిల్లులను ఎవరో మార్చిపెట్టారు, నేను కొలవకుండా తీసుకున్నాను. 3.57 రంధ్రం ఎదురుగా 3.57 రంధ్రం ఉంటే వాటి అంచులు తాకకుండా ఉండడానికి మధ్య ఎడం కనీసం 3.57 ఉండాలి. నేనిచ్చింది 3.33. పావు మిల్లీమీటరు మేర రంధ్రాలు ఒకదాని మీదికొకటి వచ్చాయి. ఆ పావు మిల్లీమీటరు నన్ను రెండు రోజులు తిప్పింది.

పలక పోతే పోయింది, ఇంకొకటి చేసుకోవచ్చు. నా బాధంతా సిలిండర్ గురించి. రీమర్ దించిన ఆ గోడ, బొటనవేలి మీద ఆగిన ఆ పిస్టన్, అన్నీ మళ్లీ మొదటినుంచి చేయాలా? రంధ్రంలో ఇత్తడి బిరడా కొట్టి, టంకం పెట్టి, మళ్లీ తొలిస్తే వేడికి సిలిండర్ గుండ్రం తప్పుతుందేమోనని నా భయం. నాయన అదంతా విని, ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి, కాగితం అడగలేదు.

"సిలిండర్‌కు ఎంత పడింది?"

"64లో 9, నాయనా."

"నువ్వు వెయ్యాల్సింది?"

"ఎనిమిదో వంతు. 64లో 8."

"రెండు ఎనిమిదులు ఎంత? పదహారు. తొమ్మిదికి ఏడు కలిపితే ఎంత? అదీ పదహారే గదరా. సిలిండర్‌ను ముట్టుకోవద్దు. కొత్త పలకకు ఏడు పెట్టు."

చెబుతూనే స్టూలు మీది పాత పలకను తిరగేసి, నా స్క్రైబర్ తీసుకుని, దాని వెనుక 9 అని, కింద 7 అని, గీత గీసి దాని కింద 16 అని గీకాడు. నేను మిల్లీమీటర్లలో లెక్క వేసి చూశాను. 3.57, 2.78, రెండింటి సగాలూ కలిపితే 3.17. ఎడం 3.33. డెడ్ సెంటర్లో ఇటు, అటు 0.16 మిల్లీమీటర్ల కట్ట మిగులుతుంది. మొదట నేను అనుకున్న ఎనిమిదో వంతు రంధ్రాలతోనైనా మిగిలేది సరిగ్గా అంతే. ఒక రంధ్రం పెద్దదైతే ఎదుటి రంధ్రం అంత మేర చిన్నదైతే చాలు అన్న సంగతి ఐటీఐలో లెక్కలన్నీ దిద్దుకున్న నాకు తోచలేదు.

కొత్త పలకకు రెండు సాయంత్రాలు పట్టింది. డ్రిల్లును మూడుసార్లు కొలిచాను. డెడ్ సెంటర్లో నిలిపి ఈసారి నేనే ఊదాను. బుగ్గలు నొప్పిపుట్టాయి గాని గాలి పోలేదు. ఫ్లైవీలును వేలితో ఒక్క వెంట్రుకవాసి కదిపితే నోట్లో బిగబట్టిన గాలి ఒక్కసారిగా లోపలికి జారి, చక్రం దానంతటదే సగం చుట్టు పరుగెత్తింది. నోటి గాలితోనే అది నడిచింది.

బాయిలర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2 అంగుళాల రాగి గొట్టం, రెండు కొసలకూ రాగి బిళ్ళలు. రాగిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కులాగా గట్టిపడదు, మెత్తబడుతుంది. అట్లా కాలుస్తూ, ముంచుతూ బిళ్ళల అంచులు మడిచాను. మామూలు సీసపు టంకం వద్దని నాయన మొదటే చెప్పాడు. నీళ్లు అయిపోయిన బాయిలర్ కింద మంట ఉంటే ఆ టంకం కరిగిపోతుంది. ఆవిరి రైలింజన్ ఫైర్‌బాక్సు, అంటే మంట గది, పైకప్పులో కావాలనే సీసం నింపిన ప్లగ్గు పెట్టేవారు, నీటిమట్టం తగ్గితే అది కరిగి హెచ్చరిక ఇచ్చేది. మన చిన్న బాయిలర్‌కు అతుకులన్నీ అట్లా కరిగితే మిగిలేది ఏమీ ఉండదు. అందుకని మాకు తెలిసిన ఆచారి దగ్గర వెండి టంకం, వెలిగారం తీసుకుని, బొగ్గుల్లో పెట్టి, బ్లోల్యాంపు మంట మీద ఆయన చేతే అతికించాను. వెలిగారం గాజులా కరిగి పరుచుకున్నాక వెండి ఒక్క క్షణంలో బిళ్ళ చుట్టూ వెలుగు గీతలా పరుగెత్తడం చూసినవారు దాన్ని మరిచిపోలేరు.

నడిపే ఒత్తిడి 30 పౌండ్లు అనుకున్నాము. నాయన 60 దాకా నీటి పరీక్ష చేయనిదే మంట పెట్టనివ్వలేదు. చేతి పంపు లేదంటే ఒక ఉపాయం చెప్పాడు. బాయిలర్‌లో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా అంచు దాకా చన్నీళ్లు నింపి, అన్ని రంధ్రాలూ మూసి, ప్రెజర్ గేజ్ బిగించి, కింద ప్రమిదంత మంట పెట్టి మెల్లగా వెచ్చజేయాలి. నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉండగానే వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది. లోపల ఆవిరి గాని గాలి గాని లేదు కాబట్టి అతుకు ఊడినా ఒక చుక్క కారుతుందే తప్ప పేలదు. గేజ్ ముల్లు మేము ఊహించిన దానికన్నా త్వరగా లేచింది. 60 రాగానే నాయన మంట లాగేశాడు. సేఫ్టీ వాల్వు బుష్షు దగ్గర ఒక చెమట బిందువు కనబడింది. దాన్ని మళ్లీ ఆచారి దగ్గరికి తీసుకుపోయి, మళ్లీ పరీక్ష చేశాము. రెండోసారి పొడిగా ఉంది.

అది నడిచిన ఆదివారం మా అమ్మ వంట మధ్యలో వదిలి వచ్చి నిలబడింది. ఆవిరితో మొదట కొంచెం నీళ్లు ఉమ్మింది, సిలిండర్ వేడెక్కేదాకా అట్లాగే ఉంటుంది. నాయన ఫ్లైవీలును తానే తిప్పాడు. నాలుగు చుట్లు తడబడి, తర్వాత అందుకుంది. ఒకవైపే ఆవిరి తీసుకునే ఒంటి సిలిండర్ కాబట్టి చుట్టుకు ఒక్క దెబ్బే. నాయన చెవి దగ్గర పెట్టుకున్నట్లు వంగి, చాలాసేపు విన్నాడు. స్పిరిట్ దీపం ఆరిపోయేదాకా ఎవరమూ కదలలేదు. అప్పుడాయన, "ఒగటే దెబ్బ అయినా సమంగా ఉంది" అన్నాడు.

నాయన 1989లో రిటైరయ్యాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు మీటర్ గేజ్ కూడా వెళ్లిపోయింది. నేను బెంగళూరులో ఒక కర్మాగారంలో చేరి, పాతికేళ్లకు పైగా కంప్యూటర్‌తో నడిచే లేత్‌ల మధ్య పనిచేశాను. వాటి మీద మైక్రాన్ల లెక్కలో పనిచేసినా, కొత్తగా వచ్చిన పిల్లలకు డ్రిల్లు చేతికిచ్చేటప్పుడు ముందు కొలవమని చెప్పకుండా ఇచ్చింది లేదు. నాయన పోయి పదకొండేళ్లయింది. ఇంజన్ నా దగ్గరే ఉంది. పాతబడిన బాయిలర్‌ను ఇప్పుడు వాడను, గాలితోనే నడుపుతాను. పోయిన సంక్రాంతికి దాన్ని విప్పి కడిగినప్పుడు పిస్టన్‌కు బొటనవేలి పరీక్ష చేశాను. ఆగింది. మునుపటికన్నా కొంచెం త్వరగా జారింది, అంతే.

పనికిరాని ఆ మొదటి పలకను కూడా అదే పెట్టెలో నూనె గుడ్డలో చుట్టి ఉంచాను. ముందువైపు రెండు రంధ్రాలు, పావు మిల్లీమీటరు ఎక్కువగా. వెనుకవైపు ఇత్తడి నల్లబడింది గాని, వేలితో తడిమితే 9, దాని కింద 7, గీత, గీత కింద 16, ఇప్పటికీ గోటికి తగులుతున్నాయి.